ఆ ఎర్రతీగకు ముసుగేదీ?

ఆదివారం పొద్దున. పిల్లలు ఇడ్లీ వద్దన్నారు, బ్రెడ్డు కావాలన్నారు. కోడలు రెండు ముక్కలు టోస్టర్లో వేసి మీట కిందికి నొక్కింది. కాసేపటికి 'టక్‌'మంది. ఒక ముక్క పైకొచ్చింది. రెండోది రాలేదు. వీధి చివరి బేకరీలో కాస్త మందంగా కోసిచ్చిన బ్రెడ్డు కదా, లోపలి చువ్వల మధ్య ఇరుక్కుపోయింది. సన్నగా పొగ కూడా మొదలైంది. చేతికందిన ఫోర్కు తీసుకుని లోపలికి పెట్టబోతుండగా హాల్లోంచి నాయనమ్మ కేక... ''అమ్మాయ్‌! ముందు ఆ ప్లగ్గు పీకు!''

నాయనమ్మ జన్మలో టోస్టరు వాడి ఉండకపోవచ్చు. కానీ ఆ కేకలో ప్రతి మాటా సరైనదే. 'స్విచ్చి ఆపు' అనలేదు చూడండి, 'ప్లగ్గు పీకు' అంది. ఆ తేడా ఏమిటో తర్వాత చూద్దాం.

వంటింట్లో ఉండే కరెంటు సామాన్లన్నీ ఒక ఎత్తు, టోస్టరు ఒక్కటీ ఒక ఎత్తు. మిక్సీలో మోటారు మన చేతికి అందదు. రైస్‌ కుక్కర్లో కాలే తీగ లోహపు పలక లోపల భద్రంగా దాక్కుని ఉంటుంది. ఇస్త్రీపెట్టెలోనూ అంతే. టోస్టర్లో మాత్రం 230 వోల్టుల కరెంటు పారే తీగ ఏ తొడుగూ లేకుండా ఎర్రగా కాలుతూ, ఫోర్కో చెంచానో దూరేంత సందులోనే ఉంటుంది. పైగా ఆ సందు పైకి తెరిచే ఉంటుంది. వందేళ్లకు పైగా ఎందరో ఇంజినీర్లు ఈ వస్తువు మీద బుర్రలు బద్దలు కొట్టుకున్నారే, ఆ తీగకో ముసుగు వేయలేకపోయారా?

వేయగలరు. వేస్తే టోస్టు రాదు... రస్కు వస్తుంది!

తెగని తీగ దొరికాకే...

టోస్టరు కనిపెట్టిందెవరు అని వెతికితే కొన్నేళ్ల క్రితం వరకూ ఓ స్కాట్లాండు శాస్త్రవేత్త పేరు కనిపించేది. 1893లో కనిపెట్టాడని చెబుతూ ఫొటో కూడా ఉండేది. పత్రికలు రాశాయి, పుస్తకాల్లోకి ఎక్కింది. తీరా చూస్తే అదంతా 2012లో కొందరు విద్యార్థులు సరదాకి వికీపీడియాలో అల్లిన కట్టుకథ! ఆ ఫొటోలో ఏదో తేడా ఉందని పదిహేనేళ్ల కుర్రాడొకడు అనుమానపడటంతో 2022లో బండారం బయటపడింది. పదేళ్లపాటు ప్రపంచం నమ్మేసింది.

అసలు కథ తీగతో మొదలవుతుంది. ఇనుప తీగలో కరెంటు పంపి ఎర్రగా కాల్చడం పెద్ద విద్యేం కాదు. కాకపోతే గాలి తగిలి ఆ ఇనుము నాలుగు రోజుల్లోనే తుప్పుపట్టి, పెళుసెక్కి పుటుక్కున తెగిపోతుంది. ఆల్బర్ట్‌ మార్ష్‌ అనే అమెరికా లోహశాస్త్రవేత్త నికెల్‌, క్రోమియం కలిపి ఓ కొత్త లోహం తయారుచేశాడు. 1906లో పేటెంటు వచ్చింది. అదే నిక్రోమ్‌. సుమారు 80 పాళ్లు నికెల్‌, 20 పాళ్లు క్రోమియం. దీని గొప్పతనం ఏమిటంటే... వేడెక్కగానే పైన ఓ పల్చటి పొర కడుతుంది. ఆ పొర గాలిని లోపలికి పోనివ్వదు. కాబట్టి వేలసార్లు ఎర్రబడి చల్లారినా తెగదు. తీగకు తుప్పు నుంచి రక్షణ దొరికింది. మనిషికి తీగ నుంచి రక్షణ మాత్రం దొరకలేదు.

1909లో జనరల్‌ ఎలక్ట్రిక్‌ కంపెనీ 'డి-12' పేరుతో అమ్మిన టోస్టరు బొమ్మ చూస్తే ఇప్పటి అమ్మలకు గుండె ఆగిపోతుంది. పింగాణీ పీట మీద నిలువుగా తీగలు. వాటికి అటూ ఇటూ బ్రెడ్డు ముక్కల్ని ఆనించే చట్రం. అంతే, పెట్టె లేదు. చుట్టూ రేకు లేదు. ఆపే మీట కూడా లేదు. దాన్ని భోజనాల బల్ల మీదే పెట్టుకునేవారు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో గోడకు ప్లగ్గులు కూడా ఉండేవి కావు, బల్బు తీసేసి ఆ హోల్డర్లోనే తగిలించేవారు. ఒకవైపు కాలిందో లేదో చూసుకుంటూ వేళ్లతోనే ముక్క తిప్పాలి. వేళ్లు కాల్చుకోని ఇల్లు ఉండి ఉండదు.

వేళ్లు పెట్టకుండా బ్రెడ్డు తిరగబడే ఏర్పాటును 1913లో తెచ్చింది ఓ జంట. అమెరికాకు చెందిన లాయిడ్‌ కోప్‌మన్‌, ఆయన భార్య హేజెల్‌ కోప్‌మన్‌. టోస్టర్ల మీద పేటెంట్లకు ఇద్దరూ దరఖాస్తు చేశారు. అప్పటికి వంటింటి వస్తువు పేటెంటులో వంట చేసే మనిషి పేరు కనిపించడం అంత మామూలు విషయమేం కాదు.

మాడిన టోస్టు మీద కోపంతో...

చెయ్యి తిప్పే పని తగ్గింది. కన్నేసి ఉంచే పని అలాగే ఉంది. అటు తిరిగి ఇటు చూసేలోగా బొగ్గు. మినసోటా రాష్ట్రం స్టిల్‌వాటర్‌లో ఓ కర్మాగారంలో పనిచేసే చార్లెస్‌ స్ట్రయిట్‌ అనే మెకానిక్కుకి క్యాంటీన్లో రోజూ మాడిన టోస్టే ఎదురయ్యేది. విసిగిపోయి ఓ గడియారాన్నీ ఓ స్ప్రింగునీ టోస్టరుకు కలిపాడు. టైము అవగానే కరెంటు ఆగాలి, ముక్క పైకి లేవాలి. 1919లో దరఖాస్తు చేస్తే 1921లో పేటెంటు వచ్చింది. మొదట్లో హోటళ్లకే అమ్మారు. ఇళ్లకు పనికొచ్చే 'టోస్ట్‌మాస్టర్‌' 1926లో వచ్చింది.

ఆ తర్వాత రెండేళ్లకు, 1928 జులైలో, ఒట్టో రోవెడర్‌ తయారుచేసిన యంత్రంతో కోసిన బ్రెడ్డు మిస్సోరీలోని చిల్లికోతీలో అమ్మకానికొచ్చింది. అన్ని ముక్కలూ ఒకే మందం! ఆ మందానికి సరిపడా సందు పెడితే చాలు, టోస్టరుకి ఇక ఢోకా లేదు. ఇక్కడే ఓ చిన్న మెలిక. టోస్టరు సందు కొలతలన్నీ ఆ మిషను కోసిన ముక్కను దృష్టిలో పెట్టుకుని వచ్చినవి. మన బేకరీలో చేత్తో కోసిచ్చే ముక్క ఆ లెక్కలో లేదు. ఇరుక్కోవడంలో తప్పు పూర్తిగా బ్రెడ్డుదీ కాదు, పూర్తిగా టోస్టరుదీ కాదు.

ముసుగేస్తే ఏమవుతుంది?

బ్రెడ్డు టోస్టు కావడమంటే ఉత్తినే ఎండటం కాదు. పైపొర సుమారు 140 డిగ్రీల సెల్సియస్‌ దాటితే అందులోని చక్కెరలూ మాంసకృత్తులూ కలిసి ఎర్రబడతాయి, కమ్మటి వాసన వస్తుంది. దీన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్‌ 1912లో వివరించాడు. దోసె అంచు ఎర్రబడటమూ, పుల్కా మీద మచ్చలూ ఇదే బాపతు. అయితే పైన ఇది జరుగుతుండగా లోపల తడి పోకూడదు, మెత్తగానే ఉండాలి. అంటే వేడి చాలా గట్టిగా తగలాలి, కొద్దిసేపే తగలాలి. రెండు మూడు నిమిషాల్లో పని పూర్తికావాలి. ఆలస్యమైతే లోపలిదాకా ఎండి రస్కవుతుంది.

సన్నటి నగ్నతీగ ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. మీట నొక్కిన క్షణాల్లో ఎర్రబడుతుంది, వదిలిన క్షణాల్లో నల్లబడుతుంది. అదే తీగను లోహపు గొట్టంలో పెట్టి, చుట్టూ కరెంటు పారని పొడి దట్టించారనుకోండి... ఫోర్కు తగిలినా ప్రమాదం లేదు. ఓటీజీ అని పిలుచుకునే చిన్న ఓవెన్లలో ఉండేది అలాంటి కడ్డీయే. కానీ ఆ గొట్టం వేడెక్కడానికే సమయం కావాలి. చల్లారడానికీ కావాలి. ఓటీజీలో టోస్టు చేసినవాళ్లకు అనుభవమే, కాలుతుందా కాలుతుందా అని చూసి చూసి... ఆపేశాక మాడుతుంది!

పోనీ కరెంటునే తగ్గిస్తే? 12 వోల్టులైతే ముట్టుకున్నా షాకు కొట్టదు కదా? నిజమే. మన ఇళ్లలోని రెండు ముక్కల టోస్టరు సుమారు 800 వాట్లది. 230 వోల్టుల మీద అది తీసుకునేది మూడున్నర ఆంపియర్లు. 12 వోల్టులకు దించితే అంతే వేడికి దాదాపు 67 ఆంపియర్లు కావాలి. వేలు లావు వైర్లూ, టోస్టరు కన్నా బరువైన ట్రాన్స్‌ఫార్మరూ పెట్టుకోవాలి. గాజులాంటి క్వార్ట్జ్‌ గొట్టంలో తీగను పెట్టడం ఇంకో దారి. కొన్ని ఓవెన్లలో ఉందది. అయితే పగులుతుంది, ధర పెరుగుతుంది. అందుకే పాతికో ముప్ఫయ్యో డిజైన్లు మారినా ఆ తీగ అలాగే మిగిలింది. ముసుగు వేయలేక దాని చుట్టూ కాపలా పెట్టారు.

కాపలాదారుల్లో మొదటిది మన ఊరిదే అనుకోవచ్చు. టోస్టర్లోకి పైనుంచి చూస్తే తీగను చుట్టిన వెండిరంగు పలక కనిపిస్తుంది. అది అభ్రకం. ఎంత వేడికైనా చెక్కుచెదరదు, కరెంటును పోనివ్వదు, కాగితమంత పల్చగా చీలుతుంది. ఈ మూడు గుణాలూ ఒక్కచోట ఉన్న వస్తువు ఇంకోటి దొరకడం కష్టం. కరెంటు సామాన్లు ప్రపంచంలో పుట్టుకొస్తున్న కాలంలో పలకల అభ్రకం ఎగుమతిలో మనదేశానిదే పైచేయి. ఇప్పటి జార్ఖండ్‌లోని కొడెర్మా ప్రాంతంతో పాటు నెల్లూరు అభ్రకానికీ విదేశాల్లో పేరుండేది. గూడూరు, సైదాపురం వైపు గనుల్లో పనిచేసిన తాతలూ, పలకలు చీల్చి వేరుచేసిన అమ్మమ్మలూ ఇంకా ఆ కథలు చెబుతారు. వాళ్లలో ఎందరు టోస్టు తిని ఉంటారో!

కరెంటు పోతే ఏం కావాలి?

డిజైనర్లు చేసిన పనుల్లో బయటికి కనిపించనిదీ, మన ఊళ్లకు అన్నిటికన్నా పనికొచ్చేదీ ఒకటుంది. పాత టోస్టర్లలో మీట నొక్కితే ఓ కొక్కెం పట్టుకునేది. వేడికి వంగే రెండు లోహాల పట్టీ ఒకటి ఆ కొక్కేన్ని విడిపించేది. ఇప్పుడు టోస్టు అవుతుండగా కరెంటు పోయిందనుకోండి. కొక్కెం అలాగే ఉంటుంది. బ్రెడ్డు లోపలే ఉంటుంది. ఆవిడ విసుక్కుని ఉప్మా చేసి, తాళం వేసి ఆఫీసుకు వెళ్లిపోతుంది. గంట తర్వాత కరెంటొస్తుంది... ఖాళీ ఇంట్లో టోస్టరు మళ్లీ ఎర్రబడుతుంది!

తర్వాత వచ్చిన వాటిలో కొక్కెం బదులు చిన్న విద్యుదయస్కాంతం పెట్టారు. కరెంటు ఉన్నంతసేపే అది మీటను పట్టుకుంటుంది. కరెంటు పోయిందా, పట్టు వదిలేస్తుంది. ముక్కలు పైకి లేచిపోతాయి. తిరిగొచ్చినా మళ్లీ మనం నొక్కితే తప్ప పనిచేయదు. మీ ఇంట్లోది ఏ రకమో తెలుసుకోవడం తేలిక. ప్లగ్గు పెట్టకుండా మీట నొక్కండి. కిందే ఆగిపోతే కొక్కెం రకం. నిలవకుండా పైకి తన్నేస్తే అయస్కాంతం రకం. అది చెడిపోయిందని మెకానిక్కు దగ్గరికి పట్టుకెళ్లేవాళ్లున్నారు... చెడిపోలేదండీ, దాని పని అది చేస్తోంది.

ఇక నాయనమ్మ కేక సంగతి. మంచి టోస్టర్లలో మీట పైకి రాగానే లోపలికి వచ్చే రెండు వైర్లూ తెగిపోతాయి. చవక రకాల్లో కొన్ని ఒక్క వైరునే తెంచుతాయి. తెగింది కరెంటు తెచ్చే ఫేజు వైరైతే ఫరవాలేదు. న్యూట్రలు తెగి ఫేజు అలాగే ఉంటే? తీగ నల్లగా, చల్లగా, అమాయకంగా కనిపిస్తుంది. దానికి 230 వోల్టులూ తగిలే ఉంటాయి! రెండు పిన్నుల అడాప్టరుకు పెట్టి వాడే ఇళ్లలో ప్లగ్గు ఒకరోజు ఇటు, ఒకరోజు అటు తిరుగుతుంది కాబట్టి ఏ వైరు ఏదైందో ఎవరికీ తెలీదు. అంతెందుకు, ఇల్లు కట్టినప్పుడు ఎలక్ట్రీషియన్‌ పొరపాటున గోడ స్విచ్చినే న్యూట్రలు మీద పెట్టేసి ఉంటే స్విచ్చి ఆపినా అదే పరిస్థితి. ప్లగ్గు పీకేస్తే మాత్రం ఏ పొరపాటూ పనిచేయదు.

మూడు పిన్నుల ప్లగ్గు ఉంది, ఎర్తింగు ఉంది, మాకేం భయం అనుకునేవాళ్లూ ఉంటారు. తీగ తెగి లోపలి రేకుకు తగిలితే ఎర్తింగు కాపాడుతుంది. ఫోర్కుతో నేరుగా తీగనే ముట్టుకున్న చేతిని కాపాడటం దానివల్ల కాదు. ఆ పని చేసేది మీటరు పక్కన పెట్టించుకునే ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్లది అయితే మనిషి ఒంట్లోంచి భూమిలోకి కరెంటు జారుతోందని పసిగట్టి సెకనులో మూడో వంతు కూడా గడవకుండా మొత్తం ఆపేస్తుంది. పదిరకాల లైట్లు పెట్టించుకున్న కొత్త ఇళ్లలో కూడా ఇది లేకపోవడం విచిత్రం.

సందు పెరిగితే...

ఒక్క బ్రెడ్డుకే ఇంత పరికరమా అన్నది ఎప్పటినుంచో ఉన్న ప్రశ్న. బన్ను పెట్టాలి, మందపు ముక్క పెట్టాలి, ఫ్రిజ్‌లోంచి తీసింది పెట్టాలి. సందు పెంచితే సరి అనిపిస్తుంది. కానీ వెడల్పయితే సన్నముక్క ఓ తీగ మీదికి వాలిపోయి ఒకవైపు మాడుతుంది, రెండోవైపు తెల్లగా మిగులుతుంది. చిన్నపిల్లల చెయ్యి దూరే ప్రమాదం కూడా పెరుగుతుంది. దీనికి విరుగుడే లోపలి చువ్వల పంజరం. మీట కిందికి దిగుతుంటే రెండువైపుల చువ్వలూ దగ్గరకు జరిగి ముక్కను సరిగ్గా మధ్యలో నిలబెడతాయి. తీగకు తగలనివ్వవు. అటు రకరకాల బ్రెడ్డుకూ వీలు, ఇటు రక్షణ... టోస్టరు చరిత్రలో రెండు పనులూ ఒకేసారి చేసిన ఏర్పాటు బహుశా ఇదొక్కటే. కాకపోతే ఈ చువ్వలు వంగిపోతే ముక్కను పట్టుకుని వదలవు. ఫోర్కు అవసరం పడేది అప్పుడే.

ఎగరడమే వద్దనుకున్న కంపెనీ కూడా ఉంది. లండన్‌లో మాక్స్‌ గోర్ట్‌ బార్టెన్‌ స్థాపించిన డ్యూవలిట్‌ టోస్టర్లలో టైమరు కరెంటును మాత్రమే ఆపుతుంది. ముక్కను పైకి లేపాల్సింది మనమే, పక్కనున్న మీటతో. కాలిందో లేదో మధ్యలో లేపి చూసుకోవచ్చు, ఇరుక్కుంటే అదే మీటతో కదపొచ్చు. ఏ భాగం పాడైతే అది మార్చుకోవచ్చు. ధర మాత్రం మన మిక్సీ, కుక్కరు, టోస్టరు కలిపినా అందదు.

నిజం చెప్పాలంటే తెలుగిళ్లలో బ్రెడ్డు చాలాకాలం జ్వరమొచ్చినప్పుడు పాలలో ముంచుకు తినే పథ్యం. హైదరాబాద్‌లో అయితే డబుల్‌ రొట్టె, డబుల్‌ కా మీఠా. రోజూ టోస్టు తినే అలవాటు మనది కాదు, పెనం మీద నెయ్యేసి కాల్చుకునే అలవాటు మనది. ఆ అలవాటుకు దగ్గరగా ఉండేది శాండ్‌విచ్‌ మేకర్‌. రెండు పలకల మధ్య నొక్కి కాలుస్తుంది. ఆలుగడ్డ కూర పెట్టినా, నెయ్యి రాసినా ఏం కాదు. తీగ పలకల వెనక మూసే ఉంటుంది కాబట్టి గరిటె తగిలినా షాకు ఉండదు. నెయ్యి రాసిన బ్రెడ్డును టోస్టర్లో వేస్తే మాత్రం ఆ చుక్కలు ఎర్రతీగ మీద పడతాయి, కింద పేరుకున్న పొట్టు అంటుకుంటుంది. చాలా టోస్టర్ల అడుగున లాగే ట్రే ఉంటుంది. అది ఉందన్న సంగతే తెలియని ఇళ్లలో ఏడాది పొట్టూ, దానికోసం వచ్చే బొద్దింకలూ అక్కడే కాపురం.

నాలుగు పౌన్ల వెనక...

ఇంత కాపలా పెట్టిన వస్తువు అంత చవగ్గా ఎలా వస్తోంది? ఇదే అనుమానం లండన్‌లో డిజైన్‌ చదువుతున్న థామస్‌ త్వైట్స్‌కీ వచ్చింది. 2009లో దుకాణంలో అన్నిటికన్నా చవక టోస్టరు, 3 పౌన్ల 94 పెన్నీలది, కొని విప్పితే నాలుగు వందలకు పైగా భాగాలు బయటపడ్డాయి. అలాంటిదే మట్టిలోంచి మొదలుపెట్టి సొంతంగా చేద్దామని బయల్దేరాడు. గనికి వెళ్లి ఇనుప ఖనిజం తెచ్చి మైక్రోవేవ్‌ ఓవెన్లో కరిగించాడు. నికెల్‌ కోసం కెనడా నాణేలు కరిగించాడు. తొమ్మిది నెలలు పట్టింది. ఖర్చు 1187 పౌన్ల 54 పెన్నీలు. తీరా కరెంటుకు తగిలిస్తే అయిదు సెకన్లు ఎర్రబడి, కరిగిపోవడం మొదలైంది!

అంత పనిని దుకాణంలో నాలుగు పౌన్లకు అమ్ముతున్నారంటే ప్రతి పైసా దగ్గరా కత్తెర పడిందని అర్థం. రెండు వైర్లూ తెంచే స్విచ్చి, గట్టి చువ్వలు, వేడెక్కని బయటి తొడుగు... కత్తెర మొదట పడేది వీటి మీదే. పెట్టె మీద బొమ్మ ఎంత తళతళలాడినా వీటి గురించి ఒక్క ముక్కా ఉండదు. కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు, మూడు పిన్నుల ప్లగ్గు, అడుగున ట్రే, మధ్యలో ఆపేందుకు బొత్తం ఉన్నాయో లేదో మనమే చూసుకోవాలి. పెట్టెలో ఓ చెక్క పట్టకారు పెట్టివ్వడానికి కంపెనీలకు ఏం పోయేకాలమో తెలీదు. పది ఇరవై రూపాయల వస్తువు. కొన్ని దేశాల్లో వెదురుతో చేసినవి విడిగా అమ్ముతారు.

అన్నట్టు, ఆ ఇరుక్కున్న ముక్క... కోడలు ప్లగ్గు పీకింది. పొగ ఆగేదాకా, పెట్టె చల్లారేదాకా పది నిమిషాలు ఆగింది. కింద పాత పేపరు పరిచి టోస్టర్ని తలకిందులు చేసి మెల్లగా తడితే ముక్క దానంతటదే జారి పడింది. దాంతోపాటు రెండేళ్ల పొట్టు కూడా. మూడో ముక్కను నాయనమ్మ అప్పటికే పెనం మీద వేసేసింది.